చచ్చిన వేళ్ళు ఎంచిన గాలి సుత్తి

నా భర్త చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. ముద్దుకి కాదు. ఆయన వేళ్ళకు గుండీ దొరికేది కాదు. వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కిందికి చూసుకుంటే తప్ప ఆయనకు తెలిసేది కాదు. చూసుకుంటే నాకు తెలిసిపోతుందని చూసుకునేవాడూ కాదు. మెడ పైకెత్తి గోడ మీది ప్రభువు పటం వైపు చూస్తూ నిలబడేవాడు. నేను మెడ దగ్గర మొదలుపెట్టి బొడ్డు దాకా గుండీలు పెట్టుకుంటూ వచ్చేదాన్ని.

ఆయన బంగారు గనిలో డ్రిల్లరు. రాతికి బెజ్జాలు వేసే మెషీను పట్టేవాడు. పైనుంచి గొట్టాల్లో గాలి వస్తుంది, ఆ గాలికి మెషీను ఊగిపోతుంది, మనిషి దాన్ని భుజంతో, తొడతో, పొట్టతో రాతికేసి అదిమి పట్టాలి. షిఫ్టంతా అదే పని, ఏళ్ళ తరబడి అదే పని. అట్లా పట్టీ పట్టీ చేతులు చచ్చాయి. మా ఊరిగాంలో గనివాళ్ళు ఉండే లైన్ ఇళ్ళల్లో డ్రిల్లర్ల పెళ్ళాలందరికీ ఈ సంగతి తెలుసు. చలికాలం పొద్దున చన్నీళ్ళు తగిలితే మగవాళ్ళ వేళ్ళ కొసలు కొవ్వొత్తుల్లా తెల్లబడేవి. మేము ఆముదం వెచ్చబెట్టి రుద్దేవాళ్ళం.

కానీ బయట ఎవరూ అనేవాళ్ళు కాదు. వేళ్ళు పోయాయని పైవాళ్ళకు తెలిస్తే చేతిలోంచి మెషీను తీసేసుకుని రాళ్ళు ఎత్తే పనిలో పెట్టేవాళ్ళు. డ్రిల్లరు అన్న పేరు పోయేది. అందుకని మగవాళ్ళు దాచారు, ఆడవాళ్ళం వాళ్ళతో కలిసి దాచాము. కొళాయి దగ్గర మేము ఒకరినొకరం అడుక్కునే మాట కూడా వేరే ఉండేది. "మీ ఆయనకు చలిగా ఉండాదా?" అని అడిగేవాళ్ళం. మండే ఎండల్లో కూడా అదే మాట. ఉందంటే ఆ ఇంట్లోనూ వేళ్ళు పోయాయని లెక్క.

గని మూశారు గానీ ఆ దాపరికం మూతపడలేదు. గని లేదు, పైవాడు లేడు, డ్రిల్లు లేదు. ఇంకెవరి దగ్గర దాచాలి? అయినా దాచాడు. మా చుట్టుపక్కల మగవాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ళు. ఈయన పోలేదు. "వాచ్‌మన్ గుడ్డలు నేను ఏసుకోను మే. నేను డ్రిల్లర్ని" అన్నాడు. అని ఇంటి ముందర కూర్చుని పొయ్యే రైలును, వచ్చే రైలును చూశాడు. నేను టమోటా తోటల్లో కూలికి పోయాను. ఆయన డ్రిల్లరుగా కూర్చోవాలంటే ఎవరో ఒకరు కాయలు కోయాలి కదా.

అట్లాంటి రోజుల్లో నంగలి నుంచి ఒకాయన వచ్చి స్టేషన్ వెనక ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేశాడు. మా ఇద్దరి కంటే చిన్నవాడు. రాష్ట్రం సరిహద్దు అటూ ఇటూ తిరిగి, పాడుబడ్డ బస్సులు కొనుక్కొచ్చి విప్పించి అమ్మడం ఆయన వ్యాపారం. బస్సు పక్కలకు అల్యూమినియం రేకులు ఉంటాయి చూడండి, అవి చిరగకుండా మొత్తంగా ఊడి వస్తేనే వాటికి గిరాకీ. ఆ రేకులను చట్రానికి రివిట్లతో బిగించి ఉంటారు, చొక్కాకు కుట్టు వేసినట్టు వరసగా. రివిట్టు తలను ఉలితో చెక్కేయాలి, తర్వాత దాని కాడను లోపలికి పొడవాలి. చేతి సుత్తితో చేస్తే ఒక బస్సుకే మనిషి నడుము పడిపోతుంది. గాలి సుత్తి అయితే తుపాకీ మాదిరి చేత్తో పట్టుకుని మీట నొక్కితే చాలు, ఉలి దానంతట అదే పోట్లు పొడుస్తుంది. షెడ్డులో దాన్ని హ్యామర్ అనేవాళ్ళు.

ఆ నంగలి ఆయన మా ఇంటికి వచ్చి నా భర్త ముందు నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు గనిలో గాలి మిషన్ పట్టినోడివంట గదా. నీకంటే తెలిసినోడు నాకి యాడ దొరుకుతాడు? నువ్వే బెంగళూరుకు పోయి మంచి హ్యామర్ చూసి ఎంచు. నువ్వే పట్టు."

ఈయన లేచి నిలబడ్డాడు. చాలా కాలానికి నవ్వాడు. "చూసినావా మే, ఎతుక్కోని వచ్చినారు" అన్నాడు నాతో. ఆ నవ్వు చూసి నేనూ సంతోషపడ్డాను. ఆ సంతోషం ఖరీదు నేను తర్వాత నా చేతులతోనే కట్టాను.

బెంగళూరుకు నన్ను కూడా తీసుకుపోయాడు. నేను చెప్తుంటే ఇదంతా రాసుకుంటున్న ఈ పిల్ల "షికారుకా?" అని అడుగుతోంది. షికారు కాదమ్మా. టిక్కెట్టు జేబులోంచి తీయడానికి, టిఫిన్ పొట్లం దారం విప్పడానికి వేళ్ళు కావాలి. ఆ వేళ్ళు నేను.

పాత మెషీన్ల బజారులో ఒక ముసలాయన అంగడికి పోయాం. ఆయన మూడు హ్యామర్లు బల్ల మీద పెట్టి, కంప్రెసర్ గొట్టం తగిలించి, ఒక్కోదాన్ని ఇనపదిమ్మెకు ఆనించి ఆడించమన్నాడు. మొదటిది పొట్టిది, పిడిలో స్ప్రింగు ఉన్నది.

"ఇది చూడప్పా. రేకు పనికి ఇదే సరి. చిన్న చిన్న పోట్లు, బిరబిరా పడతాయి. అదురంతా స్ప్రింగే మింగేస్తాది, చేతికి రాదు."

ఈయన పట్టుకుని మీట నొక్కాడు. పెదవి విరిచాడు.

"ఇది ఆడతా ఉండాదా లేదా?"

"ఆడతా ఉండాదే! వినబళ్ళేదా నీకి?"

"చెవికి వినబడతా ఉండాది. చేతికేమీ రాలేదే. చచ్చేవాడి నాడి మాదిరి ఉండాది."

రెండోది పట్టాడు. అదీ పొట్టిదే, స్ప్రింగు లేనిది. "దీనికి జరం వచ్చినట్టుండాది, అంతే" అన్నాడు. మూడోది పొడుగు గొట్టంది, బరువైంది. మీట నొక్కగానే బల్ల మీది నట్లూ బోల్టులూ ఎగిరి కింద పడ్డాయి. ఆయన మోచేతులు, భుజాలు, చెంపల కండలు కూడా అదిరాయి. ఆ ముఖంలో వెలుగు చూడాలి. పెళ్ళినాడు కూడా నన్ను చూసి అంత వెలగలేదు.

"ఇదిగో! ఇది బతికుండాది!"

"అప్పా, అది దప్పంగా, మందంగా ఉండే ఇనుముకు పెట్టేది. బస్సు కింది చట్రాలకు, కాంక్రీటు పగలగొట్టేదానికి. రేకు మీద పెడితే చింపి చేతికిస్తాది. పట్టినోడి చేతులు కూడా..."

"చేతులా? నా చేతుల గురించి నువ్వు చెప్తావా? నువ్వు గల్లాపెట్టె కాడ కూచోని ఉన్నప్పుడు నేను భూమి కడుపులో రాయికి బెజ్జం ఏస్తా ఉండినాను."

"ఏసినావులేప్పా, కాదన్నానా? రాయి యేరే, రేకు యేరే."

"గాలి ఒకటే గదా!"

ముసలాయన నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, నువ్వన్నా చెప్పు."

"దానికేం తెలుసు? అది టమోటాలు కోసేది" అన్నాడు నా భర్త. నేను అంగడి బయటి గోడ వైపు చూశాను. పొడుగుదే కట్టించుకుని వచ్చాం. ఇంటికి వచ్చేదాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

పనిలో పెట్టగానే అంగడి ఆయన చెప్పినట్టే అయింది. ఈయన గనిలో మాదిరి భుజం ఆనించి ఒళ్ళంతా వేసి నొక్కేవాడు. రాయి అయితే నొక్కకపోతే లొంగదు. రేకు అట్లా కాదు. ఉలి రివిట్టు తలను తెంచి ఆగకుండా రేకులోకి దిగిపోయేది, జానెడు చీలిక పెట్టేది. మా షెడ్డాయన వచ్చి ఒక రేకు పైకెత్తి ఎండకు పట్టి చూశాడు.

"అన్నా, ఇది రేకా? ఎలకలు కొరికిన గోనెసంచా?"

"ఉలి మంచిది కాదప్పా. ఇంగో ఉలి తెప్పించు."

ఇంకో ఉలి తెప్పించాడు. రేకులు చిరుగుతూనే ఉన్నాయి. అంతలో ఆయన ఊపిరి కూడా పోసాగింది. గనిలో మింగిన రాతిదుమ్ము రొమ్ములో గడ్డకట్టి ఉంది కదా, వరసలో నాలుగు రివిట్లు కొట్టేసరికి దగ్గు తెర వచ్చి బస్సు మెట్టు మీద కూలబడేవాడు. షెడ్డాయన మంచివాడే, నోటితో పొమ్మనలేదు. కానీ వేరే మనిషి కోసం వెతుకుతున్నాడని స్టేషన్ దగ్గర టీ అమ్మే ఆవిడ నాకు చెప్పింది. నేను నేరుగా పోయి అడిగాను.

"నేను పడతానప్పా హ్యామర్."

"నువ్వా? అక్కా, అది టమోటా కాదు."

"తెలుసులే. మా ఆయన స్టూలు మీద కూచోని చెప్తాడు, నేను పడతాను. పేరు ఆయనదే ఉండనీ."

పేరు ఆయనదే ఉండనీ అన్న మాటకు మా ఆయన కూడా ఒప్పుకున్నాడు. చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని మొదటి రోజు నిలబడ్డాను. ఉలిని దేనికీ ఆనించకుండానే మీట నొక్కేశాను. ఉలి హ్యామర్ నోట్లోంచి ఊడి ఎగిరి బస్సు తలుపుకు తగిలింది. ఆయన స్టూలు మీద నుంచి నవ్వి నవ్వి దగ్గాడు. "అది బాణం కాదు మే!" అన్నాడు. ముందు ఉలి అంచును రివిట్టు తల మొదట్లో ఆనించాలి, ఆ తర్వాతే మీట నొక్కాలి అని నాకు ఆయన చెప్పలేదు. ఉలే చెప్పింది.

మిగతాదంతా కూడా అట్లాగే తెలిసింది. ఉలిని నిలువుగా పెడితే రేకు పోతుంది. పడుకోబెట్టినట్టు వాలుగా పట్టి, అంచును తల కిందికి దూర్చాలి. నొక్కకూడదు. దారి చూపించి వదిలేయాలి, దాని పని అది చేసుకుంటుంది. కంప్రెసర్ దగ్గర గాలి తగ్గించే మర ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెంగా తిప్పి, ఎంత తక్కువ గాలికి రివిట్టు తెగుతుందో అంత దగ్గర ఆపాలి. పొద్దున్నే హ్యామర్ నోట్లో రెండు చుక్కలు నూనె వేయాలి, కంప్రెసర్ ట్యాంకీ అడుగున చేరిన నీళ్ళు వదలాలి, లేకపోతే ఆ నీళ్ళు గాలితో వచ్చి లోపల తుప్పు పట్టిస్తాయి. ఉలి అంచు మొద్దుబారితే సానరాయి పట్టాలి. మొద్దు ఉలి అయితే మనకు తెలియకుండానే నొక్కుతాం. తల తెగినప్పుడు ట్వింగుమని ఎగిరి పైకప్పు రేకుకు తగులుతుంది. ఆ చప్పుడు వింటే పని సరిగా జరుగుతున్నట్టు.

ఆయన స్టూలు మీద నుంచి అరిచేవాడు. "ఒత్తు మే! ఇంగా ఒత్తు! అన్నం తిన్లేదా?"

"తిన్నా. నువ్వు తిన్నాక మిగిలింది తిన్నా" అనేదాన్ని, ఒత్తేదాన్ని కాదు.

రేకులు మొత్తంగా ఊడి రావడం మొదలైంది. షెడ్డాయన ఒకటి ఎత్తి చూసి నా భర్త వైపు తిరిగి, "అన్నా, నీ ట్రైనింగ్ బాగుండాది" అన్నాడు. ఈయన తల ఊపాడు. కాదు, ఆమే నేర్చుకుంది అని ఒక్క మాట అనలేదు. అనలేని మనిషి మీద నేను ఆశ పెట్టుకోలేదు, అయినా ఆ తల ఊపు నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

గాలి ఎంత తగ్గించినా ఆ హ్యామర్ అదురు మాత్రం పోలేదు. అది పుట్టడమే కాంక్రీటు కోసం పుట్టింది. పిడికి గోనెగుడ్డ చుట్టాను, పాత సైకిలు ట్యూబు చుట్టాను. సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నా లోపల ఏదో ఆడుతూనే ఉండేది, చెవి దగ్గర పెడితే వినబడుతుందా అన్నట్టు.

చలికాలం వచ్చింది. ఒకరోజు పొద్దున బియ్యం కడుగుతున్నాను. నీళ్ళలోంచి కుడిచెయ్యి పైకి తీస్తే చూపుడువేలు, నడిమివేలు కొసలు తెల్లగా ఉన్నాయి. బియ్యం గింజ అంటుకుని ఉంది, అంటుకున్నట్టు తెలియలేదు. నేను అరవలేదు, ఏడవలేదు. ఆ రంగు నాకు పెళ్ళయిన ఏడాది నుంచీ తెలుసు.

మా లైన్లోనే ఆస్పత్రి పని నుంచి రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉంది. చెయ్యి చూపించాను. ఆమె వేళ్ళను గుండుసూదితో ఒక్కొక్కటే గుచ్చి చూసింది.

"ఈ రెండూ పోతా ఉండాయమ్మా. పోయింది మళ్ళీ రాదు. మిషన్ మానుకుంటే మిగిలినవి నిలుస్తాయి. మానలేకుంటే అదురు లేని మిషన్ తెచ్చుకో. ఇట్లే పట్టినావంటే మీ ఆయన చేతులే నీకూ."

మాకు పిల్లలు లేరు. ఆయన ఊపిరి పోయింది, ఇంటికి అన్నం పెట్టేవి ఈ పది వేళ్ళే. ఆయన గుండీలు పెట్టాలి, అన్నం కలిపి ఇవ్వాలి. నావి కూడా పోతే ఆయనకు ఎవరు పెడతారు? ఆయన పోయాక నాకు ఎవరు పెడతారు? అప్పటి నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఈ వేళ్ళు నిలబెట్టుకోవాలి. దానికి ఆ హ్యామర్ పోవాలి.

ఇంటికి వచ్చి అడిగాను. "మావా, ఆ హ్యామర్ మార్పిద్దాము. షెడ్డాయన్ని నేను అడుగుతాను."

"ఏమిటికి?"

"నా ఏళ్ళు సస్తా ఉండాయి."

"చలికిలే."

"ఎండ కాస్తా ఉండాది మావా. బయటికి చూడు."

"అది అదరదు మే. నేను పట్టి చూసి తెచ్చినాను. ఈ చుట్టుపక్కల అంత మెత్తని మిషన్ ఇంగోటి లేదు."

మెత్తని మిషన్ అన్నాడు. అబద్ధం ఆడుతున్న ముఖం కాదది. నిజంగానే నమ్మి అన్నాడు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. లోపలికి పోయి రెండు స్టీలు లోటాలు తెచ్చాను. ఒకదాంట్లో అప్పుడే దించిన కాఫీ, ఒకదాంట్లో కుండనీళ్ళు. రెండిటికీ మూతలు పెట్టి ఆయన రెండు చేతుల్లో పెట్టాను.

"కాఫీ దేంట్లో ఉండాదో చెప్పు. మూత తీయకుండా చెప్పు."

ఆయన ఈ చేతినీ ఆ చేతినీ చూశాడు. కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. ఏ చెయ్యి వదులుతాడా అని చూశాను. కాలిపోయే లోటాను అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

"నీ ఆటలు నాకాడ ఆడొద్దు" అని రెండూ కింద పెట్టబోయాడు. మూత జారి కాఫీ ఆయన మణికట్టు కింద అరచేతి మీద ఒలికింది. చెయ్యి వెనక్కి తీయలేదు. నేల తడిసిందని కళ్ళతో చూశాకే తెలిసింది. నేను చూశానని కూడా తెలిసింది.

గోడ వైపు తిరిగి మాట్లాడాడు. "ఆ మిషన్ తప్పని షెడ్డాయనకి చెప్పినావంటే ఇంగ నేను ఆ స్టూలు మీద కూడా కూచోను. ఈ చాప మీద పండుకుంటాను. లేవను. చూసుకో."

నేను షెడ్డాయనకు చెప్పలేదు. తప్పు నాదని చెప్పడం లేదు, రాసేటప్పుడు అట్లా రాయొద్దమ్మా. ఊపిరి కోసం కొట్టుకునే మనిషి అట్లా అంటే మీరైతే ఏం చేస్తారో చెప్పండి. ఆయన పరువు నా వేళ్ళ మీద నిలబడింది. ఆయన బతికున్నంత కాలం నిలబెట్టాను. పొద్దున్నే పిడికి గోనెగుడ్డ చుట్టుకోవడం, కొట్టడం, వేళ్ళు చంకలో పెట్టుకుని వెచ్చబరుచుకోవడం, మళ్ళీ కొట్టడం. స్టూలు మీద నుంచి ఆయన "ఒత్తు మే" అనడం.

ఆయన వానాకాలంలో పోయాడు. మట్టి చేసి వచ్చాక పాత డ్రిల్లర్లు ఇంటి ముందర బెంచీల మీద కూర్చుని మాట్లాడుకున్నారు.

"వాడి చెయ్యి చెయ్యి గాదప్పా. మిషన్ని ఒకసారి పట్టినాడంటే దాని జాతకం చెప్పేస్తాడు."

"అవునప్పా. వాడు ఎంచిన మిషన్ ఇంగొకడు మార్చింది లేదు."

వాళ్ళ టీ గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు, అందరూ. ఒక చేత్తో పట్టుకుంటే జారుతుందని. అట్లా పట్టుకునే మాట్లాడుతున్నారు.

లోపల మా ఆడబిడ్డ, అంటే ఆయన చెల్లెలు, నా పక్కన కూర్చుని ఏడుస్తోంది. "వదినా, మా అన్న తెచ్చిన హ్యామర్ను మార్చొద్దు వదినా. అది పట్టుకుంటే మా అన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంటాది నీకు."

నేను కుడిచెయ్యి చాపి చూపించాను. "అవునమ్మా. మీ అన్న చెయ్యే ఇది. పట్టుకో."

ఆమె పట్టుకుని, "అయ్యో, ఏడ్చి ఏడ్చి సల్లబడిపోయినావు వదినా" అంది. డ్రిల్లరు చెల్లెలు. డ్రిల్లరు కూతురు కూడా. ఆమెకు తెలియదా? తెలుసు. మా లైన్లో తెలియనిది ఎవరికి?

కొన్నాళ్ళు ఆగి షెడ్డుకు పోయాను. పోయి హ్యామర్ ముట్టుకోకుండా నిలబడ్డాను.

"ఏమక్కా, బాగలేదా?"

"ఈ హ్యామర్ మార్చప్పా."

"అన్న పెట్టిన మిషన్ అక్కా. సెంటిమెంటు..."

"సెంటిమెంటు ఇంటికి తీసుకపోయి మీ దేవుడి గూట్లో పెట్టుకో. మార్చకపోతే నేను రాను."

"నువ్వు రాకపోతే రేకులు ఎవరు తీస్తారు?"

"అదే నేనూ చెప్తా ఉండేది."

తల గోక్కున్నాడు. మర్నాడు ఇద్దరం బెంగళూరుకు రైలెక్కాం. అదే అంగడి, అదే ముసలాయన. నన్ను గుర్తుపట్టాడు. మా ఆయన గురించి అడిగాడు, చెప్పాను. "రామ రామ" అని మూడు హ్యామర్లు బల్ల మీద పెట్టాడు. పిడిలో స్ప్రింగు ఉన్న పొట్టిది, లేని పొట్టిది, పొడుగు గొట్టంది.

మొదటిది పట్టుకుని మీట నొక్కాను. చేతికి ఏమీ రాలేదు. గొట్టం సరిగా తగిలించలేదేమో అనుకుని చూశాను. తగిలించే ఉంది. ఉలి దిమ్మె మీద ఆడుతూనే ఉంది. రెండోది పట్టుకున్నాను. ఏదో లోపల చీమ నడిచినట్టు తెలిసింది, అంతే. మూడోది పట్టుకున్నాను. అది అదిరిన అదురుకు మోచెయ్యి, భుజం, మెడ అన్నీ లేచి కూర్చున్నాయి. తిమ్మిరెక్కిన కాలును ఎవరైనా గట్టిగా పిసికితే ఎంత హాయిగా ఉంటుంది, అట్లా ఉంది. వేళ్ళు నాకు తిరిగి వచ్చినట్టు అనిపించింది. ఇది బాగుంది అని నోటి దాకా వచ్చింది.

నోటి దాకా వచ్చింది, ఆగిపోయాను. మీట మీద నుంచి వేలు తీసి బల్ల మీద పెట్టేశాను. అక్కడున్న డబ్బా మీద కూర్చున్నాను.

ఆయన పొగరుతో ఎంచాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పొగరు కాదు. ఆయన చచ్చిన చేతికి ఆ ఒక్కటే తెలిసింది, తెలిసినదాన్ని తెచ్చుకున్నాడు. మెత్తగా ఉందన్నది కూడా అందుకే. ఇప్పుడు నా చెయ్యి కూడా దాన్నే అడుగుతోంది. ఇది అర్థమైతే మనిషి మీద కోపం తగ్గాలంటారు. నాకు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ రోజు ఆయన పక్కనే నేను నిలబడి ఉన్నాను. పది వేళ్ళూ బతికున్న మనిషిని. టిక్కెట్టు తీయడానికి పనికి వచ్చిన వేళ్ళు. ఒక్కసారి నా చేతికిచ్చి, నీకెట్లుండాది మే అని అడిగి ఉంటే చాలు. తన చెయ్యి తెలియదని ఆయనకు తెలుసు. నా చెయ్యి తెలుస్తుందనీ తెలుసు. అయినా అడగలేదు.

"ఏమక్కా, నీళ్ళు తాగుతావా?" అన్నాడు షెడ్డాయన.

"వద్దు. ఇట్లా రా. నువ్వు పట్టుకోని ఆడించు."

ఆయన పొడుగుదాన్ని దిమ్మెకు ఆనించి మీట నొక్కాడు. నేను వంగి పిడి వెనక భాగానికి నా దవడ ఆనించాను. చేతులు అబద్ధం చెబుతాయి, పళ్ళు ఇంకా చెప్పవు.

"అక్కా! పండ్లు రాలిపోతాయి!"

ముసలాయన నవ్వాడు. "ఏమమ్మా, హ్యామర్ అనుకున్నావా, ఫోన్ అనుకున్నావా?"

నిజంగానే పళ్ళు గిలక్కాయల్లా కొట్టుకున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తల వెనక దాకా మోగింది. ఇన్నాళ్ళూ ఈ మోతను నా వేళ్ళు మింగాయి. నా భర్త వేళ్ళు దీని అబ్బలాంటిదాన్ని మింగాయి. స్ప్రింగు లేని పొట్టిది పెట్టించుకున్నాను, దవడ జివ్వుమంది. స్ప్రింగు ఉన్నదానికి ఆనించాను. పిల్లి గురకలాగా చిన్నగా, అంతే. మళ్ళీ ఆనించి చూశాను. అంతే.

"ఇది ఇయ్యి."

"చిన్నదిగా ఉండాదే అక్కా. పని అవుతాదా?"

"రేకుకు అవుతాది. నిదానంగా అవుతాది. నీకి తొందరైతే నువ్వే పట్టు."

ముసలాయన కట్టిస్తూ అన్నాడు, "నేను మీ ఆయనకి అప్పుడే చెప్పినాను గదమ్మా."

"చెప్పినావప్పా. నన్నూ చెప్పమన్నావు. చెప్పనిచ్చినాడా?"

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. షెడ్డాయన ఎదురు సీటు చివర కూర్చుని నిద్రపోయాడు. హ్యామర్ నా కాళ్ళ దగ్గర గోనెసంచిలో ఉంది. వేళ్ళు ఎన్ని మిగిలాయో చూసుకోవాలనిపించింది. కిటికీ ఊచ చల్లగా ఉంది. బొటనవేలు ఆనించాను, చల్లదనం తెలిసింది. ఉంగరపు వేలు, తెలిసింది. చిటికెనవేలు, తెలిసింది. నడిమివేలు ఆనించాను, తెలియలేదు. చూపుడువేలు ఆనించాను. తెలిసినట్టే అనిపించింది. చూస్తున్నాను కాబట్టి అనిపిస్తోందేమోనని కళ్ళు మూసుకుని మళ్ళీ ఆనించాను.

తెలియలేదు.

ఆయన్ని తిట్టాను. మనసులో కాదు, గట్టిగానే తిట్టాను, నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ చంటిబిడ్డను దగ్గరికి లాక్కుని నా వైపు చూడకుండా కూర్చుంది.